ఎన్ని హెచ్‌పీ అని అడగకండి

మోటరు కాలిన రోజు మనిషి బుద్ధి సగమే పనిచేస్తుంది. పసుపు పెట్టి పదిహేను రోజులు కాలేదు, మొలక ఇంకా పైకి రాలేదు, వాన జాడ లేదు. స్టార్టర్ నొక్కితే బోరు ఒక్కసారి మూలిగి ఊరుకుంటుంది. ధర్పల్లి మండలంలో గానీ, అటు ఆర్మూర్, బాల్కొండ దిక్కు గానీ బోరు మీద పసుపు పండించే ఇళ్లలో ఈ అనుభవం లేని ఇల్లు అరుదు. ఆ తర్వాత జరిగేదీ తెలిసిందే. మెకానిక్‌కు ఫోను, చెయిన్ పుల్లీతో పైపులు పైకి, పొద్దుగూకేసరికి దుకాణం ముందు మనం. కౌంటర్ వెనకాయన అడిగేది ఒకటే: "ఎన్ని హెచ్‌పీ?" మనం చెప్పేది రెండింట్లో ఒకటి. "పాతది ఐదు, అదే ఇయ్యి." లేకుంటే, "పాతది ఐదు, ఈసారి ఏడున్నర ఇయ్యి."

ఈ అధ్యాయమంతా ఆ రెండు జవాబుల మీదనే. రెండూ కాలిపోయిన మోటరు నేమ్‌ప్లేటును చూసి చెప్పినవే, బోరును చూసి చెప్పినవి కావు. పదేళ్ల కింద ఆ ఐదును ఎవరు, ఏ లెక్కన ఎంచారో ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు. అప్పుడు నీళ్లు తొంభై అడుగుల్లో ఉండి ఉండొచ్చు, ఇప్పుడు నూట ఎనభైకి దిగి ఉండొచ్చు. అప్పుడు బోదెలు తీసి పారించేవాళ్లు, ఇప్పుడు డ్రిప్ పరిచారు. అప్పుడు గట్టు అవతల ఒక బోరుండేది, ఇప్పుడు నాలుగున్నాయి. ఇన్ని మారినా పాత అంకెనే పట్టుకుని కొత్త సామాను కొంటున్నాం. మోటరు ఒక్కటే కాదు, మనిషి జీవితంలో పాతదాని స్థానంలో కొత్తది తెచ్చుకునే చాలా నిర్ణయాలు ఇట్లాగే జరుగుతాయి. విరిగినదే మళ్లీ, లేదా విరిగినదానికంటే ఒక సైజు పెద్దది. మధ్యలో వేసుకోవలసిన ప్రశ్నలకు తొందర అడ్డమొస్తుంది.

కాబట్టి మొదటి సలహా డబ్బుతో సంబంధం లేనిది. ఒకటి రెండు రోజులు ఆగండి. పక్క చేను వాళ్లను ఒక తడికి నీళ్లు అడగండి. రేపు వాళ్ల మోటరు కాలితే మీరిస్తారు. రిపేరు అయ్యేదాకా చేబదులుకో, అద్దెకో ఒక మోటరు ఉందేమో వైండింగ్ షాపులో అడిగి చూడండి. 2025 జనవరిలో నిజామాబాద్‌కు పసుపు బోర్డు వచ్చింది. ధర సంగతి ఆ బోర్డు చూసుకుంటుందేమో గానీ, జూన్‌లో వాన ఆలస్యమైతే మొలకకు తడి సంగతి మీ బోరే చూసుకోవాలి. పసుపు తొమ్మిది నెలల పంట. అన్ని నెలలు నడవాల్సిన దాన్ని ఒక్క సాయంత్రంలో ఎంచుకోవడం ఏ లెక్కన చూసినా దుబారానే.

ముందు పంచనామా

కొత్తది ఏది కొనాలో తేల్చేముందు పాతది ఎందుకు పోయిందో తెలియాలి. చాలామంది మోటరును షాపులో దించి, బండెక్కి ఇంటికి వెళ్లిపోతారు. వెళ్లకండి. విప్పేటప్పుడు పక్కనే నిలబడి చూడండి. చెప్పగలిగినంత కథ ఆ రాగి చుట్లే చెబుతాయి.

మూడు ఫేజుల చుట్లలో ఒకటో రెండో బొగ్గులా నల్లబడి, మిగతావి కొత్తవాటిలా మెరుస్తుంటే అది మోటరు తప్పు కాదు. కరెంటు ఒక ఫేజు పోయినా మోటరు మిగిలిన వాటి మీదనే గుంజుకుంటూ తిరిగింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయిందో, స్టార్టర్ కాంటాక్టులు అరిగాయో. అక్కడ లోపం అట్లాగే ఉంచి మీరు ఏ కంపెనీ మోటరు దించినా అదీ అట్లాగే పోతుంది. చుట్లన్నీ ఒకే తీరుగా మాడితే లోడు ఎక్కువైంది, లేదా వోల్టేజీ తక్కువైంది, లేదా నీళ్లు లేకుండా తిరిగింది. చుట్లు బాగానే ఉండి షాఫ్టు బిగుసుకుపోతే బేరింగు, ఇసుక. మోటరు కాలడానికి ముందు ఏడాదంతా నీళ్లు కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చాయా? అయితే పంపులో ఇంపెల్లర్లు, బుష్షులు అరిగి ఉండొచ్చు. అప్పుడు మోటరొక్కటే వైండింగ్ చేయించి పాత పంపుకే బిగిస్తే డబ్బు పోసి పాత రోగాన్ని మళ్లీ బోరులోకి దించినట్టే.

ఇంకొకటి ఉంది, ఇది చాలామంది నమ్మరు. నీళ్లు బాగా పెరిగిన వానాకాలంలో కూడా మోటర్లు కాలుతాయి. ఎండాకాలం లోతుకు సరిపోయేలా ఎంచిన పంపుకు, నీళ్లు పైకొచ్చినప్పుడు ఎత్తాల్సిన ఎత్తు ఒక్కసారిగా తగ్గుతుంది. ఎత్తు తగ్గితే పోత పెరుగుతుంది, పోత పెరిగితే చాలా సబ్‌మెర్సిబుల్ పంపుల్లో మోటరు మీద లోడు పెరుగుతుంది. "నీళ్లు ఫుల్లున్నయ్, అయినా కాలింది, కంపెనీయే మంచిది కాదు" అని తిట్టుకునేవాళ్లలో కొందరి సంగతి ఇదే. నేమ్‌ప్లేటు మీద హెడ్ రేంజ్ అని రెండు అంకెలుంటాయి, ఇన్ని మీటర్ల నుంచి ఇన్ని మీటర్ల దాకా అని. మీ వానాకాలం మట్టం, మీ మే నెల మట్టం రెండూ ఆ అంకెల నడుమ పడాలి. పడకపోతే వానాకాలంలో గేట్‌వాల్వు కొంచెం మూసి ఉంచాలి.

బోరు చెప్పే అంకెలు

మనవైపు నీళ్లను ఇంచుల్లో చెబుతారు. "రెండించుల నీళ్లు పోస్తది" అంటే ఊళ్లో అందరికీ అర్థమైపోతుంది, కానీ పంపు ఎంచడానికి ఆ కొలత పనికిరాదు. రెండించుల పైపు నిండుగా మెల్లగా పోసినా రెండించులే, ఎగిసి పోసినా రెండించులే. కావలసింది సెకనుకు ఎన్ని లీటర్లు అన్నది. దానికి ఒక రెండు వందల లీటర్ల డ్రమ్ము, చేతిలో ఫోను చాలు. మోటరును రెండు గంటలు నడిపిన తర్వాత, అదీ ఏప్రిల్, మే నెలల్లో, డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. వంద సెకన్లు పడితే సెకనుకు రెండు లీటర్లు. పొద్దున ఆన్ చేసిన అయిదు నిమిషాలకు కొలిస్తే బోరు రాత్రంతా దాచిన నీళ్లను కొలిచినట్టు, ఊటను కాదు. ఈ పరీక్ష మోటరు నడుస్తున్నప్పుడే చేసి పెట్టుకోవాలి. అది కాలిన తర్వాత ఈ పేజీ చదువుతున్నవాళ్లు అద్దె మోటరు మీద చేసుకోవచ్చు.

రెండోది నీటి మట్టం. పైపులన్నీ పైకి వచ్చినప్పుడు తాడుకు బరువు కట్టి దించితే నిలకడ మట్టం తెలుస్తుంది. అసలు కావలసింది అది కాదు, నడుస్తున్నప్పటి మట్టం. ధర్పల్లి నేల కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు పైనున్న మెత్తబడ్డ పొరలోనూ, కింద రాతి పగుళ్లలోనూ మాత్రమే ఉంటాయి. అందుకే మోటరు నడవగానే మట్టం జరజరా దిగుతుంది. రామడుగు ప్రాజెక్టు ఆయకట్టు కింది బోరుకు, గుట్ట అంచున ఉన్న బోరుకు ఈ దిగే వేగంలో పోలికే ఉండదు. పాత మోటరు కొంతసేపు పోసి తర్వాత గాలితో కలిపి తెంపు తెంపుగా పోసేదా? అయితే మట్టం మోటరు దాకా దిగిపోయిందన్నమాట, లెక్క మోటరు ఉన్న లోతు నుంచే వేయాలి. ఆ లోతు కోసం పైపులు లెక్కపెట్టండి. ఇరవై అడుగుల పైపులైతే పన్నెండు పైపులంటే రెండు వందల నలభై అడుగులు. కొత్తది దించేటప్పుడు పైపుల వెంట ఒక అర ఇంచు ప్లాస్టిక్ పైపు కూడా కట్టి దించమనండి. ఇక మీదట మోటరు నడుస్తుండగానే అందులోంచి సన్నటి తీగ దించి మట్టం చూసుకోవచ్చు. ఆ పైపు ఖర్చు చూసి వెనకాడే మనిషి కనిపిస్తే నాకు నవ్వొస్తుంది.

మూడోది, నీళ్లు నేల మీదికి వచ్చాక ఇంకా ఎంత పని చేయాలన్నది. బోదెల్లోకి వదిలితే ఏమీ లేదు. డ్రిప్‌కు మాత్రం ఫిల్టర్లు దాటి, చివరి లాటరల్ దాకా ఒత్తిడితో వెళ్లాలి. ఫిల్టర్ దగ్గర ఒకటిన్నర కిలోల ఒత్తిడి కావాలంటే అది పదిహేను మీటర్ల ఎత్తుకు సమానం, అంటే బోరు మరో యాభై అడుగులు లోతైనట్టు. పసుపును పారుదల నుంచి డ్రిప్‌కు మార్చినవాళ్లు పాత మోటరుతోనే నెట్టుకొచ్చి, "డ్రిప్ సరిగా పనిచేయట్లేదు" అనుకుంటారు. డ్రిప్‌కు నీళ్లు తక్కువ చాలు, ఒత్తిడి ఎక్కువ కావాలి. పారుదలకు ఎంచిన పంపు దీనికి సరిగ్గా ఎదురు.

ఇప్పుడు కూడిక. నడుస్తున్నప్పటి మట్టం 180 అడుగులు, అంటే సుమారు 55 మీటర్లు. డ్రిప్‌కు 15. పైపుల్లో రాపిడికి 5 అనుకుందాం. మొత్తం 75 మీటర్లు. ఊట సెకనుకు 2 లీటర్లు. లీటర్లను మీటర్లతో గుణించి 76తో భాగించండి: రెండుకు కొంచెం తక్కువ. నీటిని ఎత్తడానికి కావలసిన అసలు హెచ్‌పీ అది. చిన్న పంపులు తీసుకున్న శక్తిలో సగం వరకే నీటికి ఇస్తాయని అనుకుని దాన్ని రెట్టింపు చేయండి: నాలుగు. దానికి పైనున్న సైజు ఐదు. ఈ బోరుకు ఏడున్నర అక్కరలేదని తేల్చడానికి ఇంజినీరు రానక్కరలేదు, పదో తరగతి పిల్లవాడు చాలు.

స్టేజీలు

హెచ్‌పీ తేలింది కదా అని దుకాణానికి పరుగెత్తకండి. ఐదు హెచ్‌పీలోనే తక్కువ స్టేజీల పంపుంది, ఎక్కువ స్టేజీల పంపుంది. స్టేజీ అంటే లోపల ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇంపెల్లర్ గిన్నె. ఒక్కో గిన్నె నీటిని ఇంత ఎత్తుకు ఎత్తుతుంది. గిన్నెలు ఎక్కువైతే ఎత్తు ఎక్కువ, కానీ అదే హెచ్‌పీలో పోత తక్కువ. తక్కువ గిన్నెలది లోతు తక్కువ బోరులో దండిగా పోస్తుంది, లోతు బోరులో తిరుగుతూనే ఉంటుంది గానీ నీళ్లు నేలకెక్కవు. ఒకే హెచ్‌పీ, ఒకే కంపెనీ, ఒకే ధరకు అటూ ఇటుగా ఉన్న రెండు పెట్టెల్లో ఒకటి మీ బోరుకు సరిపోయి, రెండోది శుద్ధ దండగ కావడం ఇట్లా జరుగుతుంది.

అందుకే దుకాణంలో చెప్పాల్సిన మాట ఇది: "డెబ్బై అయిదు మీటర్ల హెడ్డుకు నిమిషానికి నూట ఇరవై లీటర్లు పోసేది చూపించండి." అమ్మేవాళ్ల దగ్గర ప్రతి మోడలుకు ఒక పట్టిక ఉంటుంది, అడ్డంగా హెడ్డు, నిలువుగా మోడళ్లు, గళ్లలో పోత. మీ అంకె ఆ వరుసలో చివరి గడిలో కాకుండా నడిమి గళ్లలో పడే మోడలు ఎంచండి. పంపు తీసుకున్న కరెంటుకు ఎక్కువ నీళ్లిచ్చేదీ, తక్కువ అరిగేదీ అక్కడే. పట్టిక చూపించని దుకాణం నుంచి లేచి రండి. నేమ్‌ప్లేటు మీద పంపుసెట్టుకు ఐఎస్ 8034, మోటరుకు ఐఎస్ 9283 అనే గుర్తులు చూడండి. బీఈఈ స్టార్ లేబుల్ ఉన్నవీ దొరుకుతాయి. కోయంబత్తూరు నుంచి వచ్చే పెట్టెలన్నీ ఒకే నాణ్యతవి కావు, పేర్లలో ఒక అక్షరం మార్చి అమ్మేవి కూడా ఉంటాయి.

పెద్దది పెడితే ఢోకా లేదా?

మెకానిక్ మంచివాడే. మీ మంచి కోరే అంటాడు: "కాకా, ఏడున్నర దించుదాం. మల్ల నాలుగేండ్ల దాక చూసుడుండది." ఊట రెండు లీటర్లున్న బోరులో నాలుగు లీటర్లు తోడే పంపు దించితే ఏం జరుగుతుందో ఆలోచించండి. కాసేపట్లో మట్టం మోటరు దాకా దిగుతుంది. గాలి పీలుస్తుంది. బురద, సన్నరాయి లాగుతుంది. సబ్‌మెర్సిబుల్ మోటరు తన పక్కనుంచి పారే నీటితోనే చల్లబడుతుంది. నీళ్లు లేనప్పుడు చల్లార్చేది ఏదీ లేదు. పోత రెట్టింపైతే అదే పైపులో రాపిడి మూడున్నర రెట్లకు పైగా పెరుగుతుంది, కాబట్టి పెద్ద మోటరు శక్తిలో కొంత పైపును గీకడానికే పోతుంది. పాత రెండించుల పైపును రెండున్నరకు మార్చితే, అదే పోతకు రాపిడి మూడో వంతుకు తగ్గుతుంది. హెచ్‌పీ పెంచుదామని చేతులు దురద పెట్టినప్పుడు ముందు పైపు వైపు చూడండి.

పెద్ద మోటరు కోరికలో నీటి అవసరం కొంతే. మిగతాది గట్టు అవతలి బోరు. వాడిది ఏడున్నర, మనది ఐదు అంటే వాడు మన నీళ్లు లాగేస్తున్నాడనే బాధ. అది పూర్తిగా అపోహ కాదు, పగుళ్లు కలిసిన చోట నిజమే. కానీ ఆ పోటీలో గెలుపు లేదు, ఇద్దరూ కలిసి మట్టాన్ని ఇంకో నలభై అడుగులు దించుకోవడమే ఉంది. కరెంటు బిల్లు లేకపోవడం ఈ పోటీకి ఇంకో కారణం. ఉచిత విద్యుత్ 2004 మేలో వచ్చింది, 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల సరఫరా మొదలైంది. అంతకుముందు ఏ రాత్రి కరెంటొస్తుందో తెలియక ఆటోస్టార్టర్లు పెట్టుకున్నారు, అప్పుడది అవసరం. కరెంటు రోజంతా ఉన్నాక వాటిని తీసేయమని ప్రభుత్వం ఊరూరా చెప్పింది. ఇప్పటికీ కొన్ని స్టార్టర్ డబ్బాల్లో అవి అట్లాగే ఉన్నాయి, బోరు ఎండినా మోటరును తిప్పుతూనే ఉంటాయి. బిల్లు రాదు నిజమే, వైండింగ్ బిల్లు మాత్రం ప్రభుత్వం కట్టదు.

ఫ్రిస్కో కొలను

మన జిల్లా నుంచి అమెరికా వెళ్లి డల్లాస్ పక్కన ఫ్రిస్కోలాంటి ఊళ్లలో స్థిరపడ్డవాళ్లలో కొందరి ఇళ్ల వెనక ఈత కొలను ఉంటుంది. దాని నీళ్లను ఫిల్టర్ గుండా తిప్పే పంపు కాలినప్పుడు వాళ్లూ ఇదే పని చేస్తారు, పాత హార్స్‌పవరే మళ్లీ. అక్కడ 2021 జూలై 19 నుంచి అమల్లోకి వచ్చిన ఇంధన శాఖ నిబంధనల వల్ల, నేలలో కట్టిన మామూలు కొలనులకు వేగం మార్చుకోగలిగే పంపులే దాదాపు తప్పనిసరయ్యాయి. కారణం సూటిగా ఉంది. కొలను పంపు నీటిని పైకి ఎత్తదు, రాపిడిని ఎదిరించి గుండ్రంగా తిప్పుతుందంతే. అక్కడ వేగం సగం చేస్తే పోత సగమవుతుంది, కరెంటు మాత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రెండింతల సేపు నడిపినా, అన్నే నీళ్లకు నాలుగో వంతు కరెంటు.

ఇది ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, వేగం మార్చే డ్రైవ్ పెట్టుకుంటే సగం కరెంటు మిగులుతుందని ఇటువైపు కూడా అమ్మేవాళ్లు వస్తున్నారు. బోరు లెక్క వేరు. పంపు ఎత్తగల ఎత్తు వేగానికి వర్గంగా తగ్గుతుంది. వేగం డెబ్బై శాతానికి తగ్గిస్తే ఎత్తే శక్తి సగానికి పడుతుంది. 75 మీటర్లు ఎత్తే పంపు అప్పుడు 37 మీటర్ల దగ్గర ఆగిపోతుంది, మట్టం 55లో ఉన్న బోరులో చుక్క బయటికి రాదు. సోలార్ పంపు పొద్దున ఏడింటికి తిరుగుతున్నా నీళ్లు పోయకపోవడానికి కారణం ఇదే. ఫ్రిస్కోలో ఉన్న కొడుకు ఫోనులో "నాన్నా, వేరియబుల్ స్పీడ్ తీసుకో" అంటే కోప్పడకండి, ఆయన కొలనుకు అది సరైన సలహానే.

తీగ, డబ్బా, దించడం

ఈ భాగాన్ని చాలామంది మెకానిక్‌కు వదిలేస్తారు, పంచనామాలో సగం కేసులు తేలేది మాత్రం ఇక్కడే. మోటరు తిరుగు బలం వోల్టేజీకి వర్గంగా ఉంటుంది. 415 రావాల్సింది 350 వస్తే బలం డెబ్బై ఒక శాతమే మిగులుతుంది, మోటరు ఆ లోటును ఎక్కువ ఆంపియర్లు గుంజి పూడ్చుకుంటూ వేడెక్కుతుంది. లోతు పెరిగి కేబుల్ పొడవు పెంచినప్పుడు పాత సన్నదానికే అతుకు వేస్తే వోల్టేజీ ఇంకొంత తీగలోనే పోతుంది. కంపెనీ పట్టికలో పొడవును బట్టి ఎన్ని చదరపు మిల్లీమీటర్ల తీగ వేయాలో ఉంటుంది, అదే వేయండి. స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది. మాటిమాటికి పడిపోతుందని దాన్ని పైకి తిప్పి పెట్టడం మన ఊళ్లలో మామూలు. దాన్ని నేమ్‌ప్లేటు మీదున్న ఆంపియర్లకే నిలపాలి. ఫేజు పోతే ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్, నీళ్లు లేకపోతే ఆపే డ్రై రన్ రక్షణ, రెండూ కొత్త మోటరు ధరలో చిన్న భాగమే. కొత్త మోటరుకు పాత డబ్బా సరిపోతుందిలే అనుకోవడం దగ్గర నేను ఎవరితోనూ రాజీ పడను.

నీళ్లు నింపే రకం మోటరైతే దించేముందు శుభ్రమైన నీళ్లు నింపి, గాలి బుడగలు పోయేదాకా ఆగాలి. బోరు గట్టు మీద ఈ పని మరచి దించినవి మొదటి గంటలోనే పోవచ్చు. బోరు అడుగుకు ఆనించొద్దు, పది ఇరవై అడుగులు వదలండి, లేకపోతే పూడికలో కూరుకుని వేడెక్కుతుంది. ఆన్ చేశాక పోత అనుకున్నదానికంటే బాగా తక్కువగా ఉంటే కంగారు పడకుండా ఏవైనా రెండు ఫేజులు అటూ ఇటూ మార్చి చూడమనండి. త్రీఫేజ్ మోటరు ఎదురు తిరిగినా కొన్ని నీళ్లు పోస్తుంది, అందుకే ఆ తప్పు నెలల తరబడి ఎవరి కంటా పడదు.

ఇక పాత మోటరు. వైండింగ్ చేయించి స్పేర్‌గా పెట్టుకోవాలా అంటే, దాని స్టేజీలు, హెడ్డు మీ ఇప్పటి లెక్కకు దగ్గరగా ఉంటేనే. లేకపోతే అది కొట్టంలో జాగా తినడమే కాక, వచ్చే ఏడు మోటరు కాలిన రోజున "ఉన్నదే కదా, దించెయ్" అనిపిస్తుంది. రాగిని తూకం వేయించి, ఆ డబ్బు కొత్త కేబుల్ బిల్లులో కోయించుకోండి. పైపుల లెక్క, స్టేజీలు, నడుస్తున్నప్పటి ఆంపియర్లు, డ్రమ్ము నిండిన సెకన్లు, తేదీ, ఈ అయిదూ స్టార్టర్ డబ్బా తలుపు లోపలి వైపు పెయింటుతో రాయించండి. కాగితమైతే వానాకాలం దాటదు.